స్టేజీ దిగిపోతున్న ఆడపిల్లలు

(బేస్తవారిపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బేస్తవారిపేటకు వచ్చి మాట్లాడమన్నప్పుడు నీళ్ళ గురించో, వలసల గురించో, బాల్యవివాహాల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఇవాళ నాట్యం గురించి, దానికి వేసుకునే బట్టల గురించి మాట్లాడదలిచాను. ఇది కడుపు నిండినవాళ్ళ విషయం కదా అని ఎవరికైనా అనిపిస్తే కాసేపు ఓపిక పట్టమని కోరుతున్నాను.

ఈ ప్రాంతంలోనే ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. రెండో తరగతి పిల్లలు తెల్లటి నెట్టు గౌన్లు వేసుకుని, మునివేళ్ళ మీద లేస్తూ ఏదో ఇంగ్లీషు పాటకు ఆడారు. నడుము దగ్గర నుంచి గొడుగులా విచ్చుకునే ఆ గౌనును టూటూ అంటారు. ఐరోపా బాలే నాట్యంలో వేసుకునేది. మనవాళ్ళు బాలే అన్న మాటను కూచిపూడి నృత్యనాటకాలకు కూడా వాడుతుంటారు, అది వేరు. గౌన్లు అద్దెకు తెచ్చారు, అద్దె తల్లులు కట్టారు. ఆ తర్వాత ఐదో తరగతి పిల్లలు వచ్చారు. మరి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఏరీ అని చూస్తే, పట్టు పరికిణీలు కట్టుకుని వాకిట్లో అతిథులకు బొట్టు పెడుతున్నారు. మగపిల్లలు మాత్రం పదో తరగతి దాకా ఆడుతూనే ఉన్నారు.

నా పక్కన కూర్చున్న ఒక తల్లి, "మా పాప కూడా భలే ఆడేది. సమర్తాడినాక మానిపించాం. డాన్సులని తిరిగితే రేపు సంబంధాలు ఎట్టా వస్తాయి మేడం?" అంది. ఆమెకు కూతుర్ని డిగ్రీ దాకా చదివించాలని ఉంది. చదువుకు అడ్డం రాని పరువు ఆటకే ఎందుకు అడ్డం వచ్చింది? ఆ భయం ఆమె సొంతం కాదు. దానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

మన తెలుగు దేశంలో నాట్యాన్ని వృత్తిగా బతికించింది కళావంతుల స్త్రీలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో భోగం మేళాలకు వ్యతిరేకంగా కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు పెద్ద ఉద్యమం నడిపారు. తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషి, చివరకు 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం. పసిపిల్లలను దేవుడి పేరు మీద పెద్దమనుషుల పాలు చేయడాన్ని ఆపవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ చట్టం అంకితాన్ని నిషేధించి ఊరుకోలేదు. గుళ్ళలోను, దేవుడి ఊరేగింపుల్లోను స్త్రీలు నాట్యం చేయడమే చట్టవిరుద్ధమంది. మేళాలు కట్టించుకున్న జమీందార్ల పరువుకు ఏ లోటూ రాలేదు. ఆడినవాళ్ళ బతుకుతెరువు పోయింది. అది వాళ్ళ శ్రమ అన్న ఊహ సంస్కర్తల్లో ఎంతమందికి కలిగిందో నాకు అనుమానమే.

అదే కాలంలో కూచిపూడిలో ఏం జరుగుతోందో చూడండి. అక్కడ భామాకలాపం ఆడింది బ్రాహ్మణ పురుషులు. చీర కట్టి, జడ వేసి, సత్యభామగా అలిగింది మగవాళ్ళే. ఆ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొప్ప కళాకారుడు, కాదనను. అయితే ఆడవాళ్ళ బట్టలు మగవాడి ఒంటి మీద కళ అయినాయి, అవే బట్టలు కళావంతుల స్త్రీ ఒంటి మీద వ్యభిచారానికి గుర్తు అయినాయి. 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం గారు కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక మధ్యతరగతి ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఆ నాట్యంలోకి వచ్చారు. గజ్జె కట్టడం గౌరవమైంది. ఎవరికి గౌరవమైంది, ఎవరిని పక్కకు నెట్టి గౌరవమైంది అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. మనం ముచ్చటపడి అద్దెకు తెచ్చిన ఆ తెల్ల గౌను కథ కూడా ఇలాంటిదే. 1832లో పారిస్‌లో మేరీ టాల్యోనీ 'లా సిల్ఫీద్' బాలేలో తెల్లటి పల్చని గౌనుతో ఆడి ఆ అలంకారానికి పేరు తెచ్చింది. ఆ గౌనులో స్త్రీ నేల మీద కాలు మోపని దేవకన్యలా కనబడాలి. కానీ ఆ దేవకన్యలు చాలామంది పేదింటి పిల్లలు. సంవత్సర చందా కట్టే ధనవంతులకు నర్తకులు కూర్చునే గదిలోకి దర్జాగా వెళ్ళే హక్కు ఉండేది. అందులో ఎవరి 'అండ' లేకపోతే చాలామంది పిల్లలకు గడిచేది కాదు. జమీందారీ కచేరీకి, దీనికి ఎంత తేడా ఉందో మీరే చెప్పండి. 1862లో ఎమ్మా లివ్రీ అనే నర్తకి గౌనుకు రిహార్సల్లో గ్యాసు దీపం అంటుకుంది. నెలల తరబడి నరకయాతన పడి 1863లో, ఇరవై ఏళ్ళ వయసులో చనిపోయింది. నిప్పంటుకోని మందులో ముంచిన గౌన్లు అప్పటికే ఉన్నాయి. అవి బిరుసుగా, వన్నె తగ్గి ఉంటాయని ఆమే వద్దంది. ఆమెనే తప్పు పట్టినవాళ్ళున్నారు. బిరుసు గౌనుతో ఆడితే ఎవరు చూస్తారన్నది ఎవరూ అడగలేదు.

ఇక మన తిరునాళ్ళకు వద్దాం. రికార్డింగ్ డాన్సులను ఆపాలని మన సంఘాలు ఎన్నోచోట్ల అర్జీలు పెట్టాయి. నేనూ సంతకాలు చేశాను. పోలీసులు వచ్చి ట్రాక్టర్ మీద స్టేజీ దింపించి, ఆడపిల్లలను స్టేషనుకు తీసుకెళ్ళేవారు. పాటలు పెట్టించిన కమిటీ పెద్దలు, నోట్లు విసిరిన కుర్రాళ్ళు తాపీగా ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ పిల్లలకు ఒప్పుకున్న డబ్బు వచ్చిందా అని మనం ఎప్పుడైనా అడిగామా? నేను అడగలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మహారాష్ట్రలో 2005లో డాన్సు బార్లను నిషేధించినప్పుడు బార్లలో ఆడే స్త్రీలే సంఘం పెట్టుకుని వీధికెక్కారు. ఆ నిషేధం వృత్తి హక్కుకు, సమానత్వానికి విరుద్ధమని 2006లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. పెద్ద హోటళ్ళలో అదే డాన్సుకు అనుమతి ఇచ్చి, చిన్న బార్లలో తప్పనడం ఏమిటన్నది అందులో ముఖ్యమైన వాదన. మన ఊళ్ళకూ అది వర్తిస్తుంది. బడి స్టేజీ మీద అదే సినిమా పాటకు కలెక్టరు ముందు ఆడితే సాంస్కృతిక కార్యక్రమం, తిరునాళ్ళలో ఆడితే అశ్లీలం.

అశ్లీలం లేదని నేను అనను. ఒప్పుకోని పని బలవంతంగా చేయించడం, తాగినవాళ్ళు స్టేజీ ఎక్కి మీద చేతులు వేయడం ఉన్నాయి. వాటికి చట్టాలూ ఉన్నాయి. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చోట జరిగే లైంగిక వేధింపుల మీద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని 2013 చట్టం చెబుతోంది. డాన్సు ట్రూపులో పనిచేసే అమ్మాయి కూడా దాని కిందికి వస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల అయితే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఈ సంగతి ఆ అమ్మాయిలకు చెప్పినవాళ్ళు ఎవరు?

ఈసారి తిరునాళ్ళకు ముందు ఎస్సై గారి దగ్గరకు పోయే బదులు ఆ ట్రూపు దగ్గరకు పోదాం. ఎంతకు మాట్లాడుకున్నారు, ముందుగా ఎంత ఇచ్చారు, బట్టలు మార్చుకోవడానికి చాటు ఉందా, రాత్రి తిరిగి వెళ్ళడానికి బండి ఉందా అని వాళ్ళనే అడుగుదాం. బళ్ళలో కూడా వార్షికోత్సవానికి ముందే హెడ్మాస్టర్లను కలిసి మాట్లాడండి. పిల్లలు బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందా, సెల్‌ఫోన్లతో ఎవరు తిరుగుతున్నారు, గౌను అద్దె కట్టలేని పిల్లను పక్కన కూర్చోబెట్టారా అని అడగండి. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని బొట్టు పెట్టడానికి నిలబెట్టేముందు, ఆడతారా అని వాళ్ళను ఒక్కమాట అడిగారో లేదో కనుక్కోండి.

ఆ తల్లికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. మీ ఊరి అబ్బాయిలు ఆడుతున్నారు కదా, వాళ్ళకు సంబంధాలు రావడం లేదా అని మాత్రం అడిగాను. నవ్వి ఊరుకుంది. మీలో ఆమెను ఎరిగినవాళ్ళు ఉండవచ్చు. మాట్లాడుతూ ఉండండి.