రెండు వేళ్లు ఎత్తితే నవ్వకండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. మంచినీటి పైపులైన్ల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని, ఆయన అనుమతితో, ఇరవై ఏళ్లుగా మీ దగ్గర దాచిన సంగతి ఒకటి చెబుతాను. నాకు క్రోన్స్ అనే పేగు జబ్బు ఉంది.

1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్ అనే వైద్యుడు, మరో ఇద్దరు సహచరులు కలిసి ఈ జబ్బును వివరించారు. అందుకే ఆ పేరు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పేగు మీద తిరగబడుతుంది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్నపేగు చివర వస్తుంది. పుండ్లు పడతాయి, పేగు గోడ మందమై దారి ఇరుకవుతుంది. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు గాని, అదుపులో పెట్టే మందులున్నాయి.

నాకు 2004లో మొదలైంది. పొత్తికడుపులో కుడివైపు నొప్పి, రోజుకు పదిసార్లు విరేచనాలు. 68 కిలోలుండేవాణ్ణి ఏడాదిలో 51కి దిగాను. మొదట గ్యాస్ అన్నారు. తర్వాత పేగు క్షయ అనుకుని ఆరు నెలలు టీబీ మందులిచ్చారు. డాక్టర్లను తప్పుపట్టను. మన దేశంలో క్షయ ఎక్కువ. కొలనోస్కోపీ చేసినా, ముక్క తీసి పరీక్షించినా ఈ రెండు జబ్బులూ చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి.

క్రోన్స్ అని తేలాక స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. వారంలోనే ఆకలి పుట్టింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేశావురా" అని మా అమ్మ మురిసిపోయింది. మోతాదు తగ్గించగానే కథ మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత అజాథయోప్రిన్ అనే మాత్ర రెండేళ్లు బాగా పనిచేసింది. బాగానే ఉన్నాను కదా, ఇంకా మందెందుకు అనుకున్నాను. తెలిసినాయన ఒకరు చెప్పిన పొడి మొదలుపెట్టి, డాక్టరుకు చెప్పకుండా మాత్రలు మానేశాను. ఎనిమిది నెలలకు పేగు మూసుకుపోయింది. ఆపరేషన్ చేసి అడుగు పొడవు చిన్నపేగు తీసేశారు. పైపులో పాడైన ముక్క కోసి అతికితే పని అయిపోతుందనుకునే వృత్తి నాది. పేగు అలా కాదు. అతుకు దగ్గరే జబ్బు మళ్లీ రావచ్చని సర్జన్ ముందే చెప్పారు. వచ్చింది కూడా.

2011లో మన బ్యాచ్ పాతికేళ్ల కలయిక జరిగింది. సైట్‌లో అర్జంటు పనుందని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం. అయిదు గంటల బస్సు ప్రయాణంలో దొడ్డికి వస్తే ఎక్కడ దిగాలి అన్నదే నా భయం. "పెద్దవాడివైపోయావురా" అని అవతల మిత్రుడు ఫోన్ పెట్టేశాడు. వాడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు. ఒరేయ్, అసలు కారణం ఇదిరా. క్షమించు.

ఆ మరుసటేడు డాక్టరు గారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు సూచించారు. ఒంట్లో వాపును రాజేసే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని ఇది అడ్డుకుంటుంది. అమెరికాలో 1998లోనే క్రోన్స్‌కు అనుమతి పొందింది. కాని ఒంట్లో నిద్రపోతున్న క్షయను ఇది లేపే ప్రమాదముంది. పరీక్ష చేస్తే నాకు ఆ క్షయ ఉందని తేలింది. ముందు దానికి మందు వాడాలన్నారు. అంగీకార పత్రం ఇంటికి తెచ్చుకుని వారం రోజులు సంతకం పెట్టలేదు. మా ఆవిడ ఒకటే అడిగింది: "ఇప్పుడు మనం బతుకుతున్న బతుకు కంటే ఆ భయం పెద్దదా అండీ?" పెట్టాను.

సెలైన్‌లో ఎక్కించే మందు అది. మొదటి డోసు తర్వాత రెండో వారం, ఆరో వారం, ఆపైన ఎనిమిది వారాలకోసారి. మూడో డోసు అయ్యాక హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో, దారిలో ఎక్కడా దిగకుండా వెళ్లాను. బస్టాండులో దిగి మా ఆవిడకు ఫోన్ చేస్తే మాట పెగల్లేదు. మూడో ఏట నా ఒళ్లే ఆ మందుకు ఎదురు తిరిగింది, పని తగ్గింది. అప్పుడు అడాలిముమాబ్‌కు మారాను. 2014 చివర్లో జైడస్ కంపెనీ మన దేశంలోనే దాన్ని తయారుచేసి తక్కువ ధరకు తేవడం నాబోటివాళ్లకు కలిసొచ్చింది. రెండు వారాలకోసారి పొట్టకు నేనే గుచ్చుకుంటాను. మందు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే ఉంటుంది. ఇది కూడా ఎన్నాళ్లు పనిచేస్తుందో చూడాలి. 2023లో అమెరికాలో ఉపాడాసిటినిబ్ అనే మాత్రకూ క్రోన్స్ చికిత్సకు అనుమతి వచ్చింది. కాబట్టి దారులు మూసుకుపోలేదు.

కొత్త మందు ఏదైనా నేనిప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతాను. పనిచేస్తోందని ఏ పరీక్షతో తెలుస్తుంది? ఎన్నాళ్లు చూడాలి? హాని కలిగితే ముందు ఏం కనిపిస్తుంది? జవాబులు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పొడి ఇచ్చినాయన్ని ఈ మూడూ అడిగి ఉంటే అడుగు పేగు మిగిలేదేమో.

చివరగా మన బడి మాట. ఎనిమిదో తరగతిలో ఒకడు తరచూ రెండు వేళ్లు ఎత్తి రెంటికి వెళ్తాననేవాడు. క్లాసంతా నవ్వేది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. క్రోన్స్ చాలామందికి పదిహేను, ముప్ఫై అయిదేళ్ల మధ్య బయటపడుతుంది. పిల్లలకొస్తే ఎదుగుదల ఆగిపోవచ్చు. గురువులకు నా మనవి: ఏ బిడ్డయినా రెండు వేళ్లు ఎత్తితే వెంటనే పంపండి. మాటిమాటికీ ఎత్తుతూ, చిక్కిపోతుంటే ఇంట్లోవాళ్లను పిలిచి చెప్పండి.

సంఘానికి ఇంకో మనవి. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలని తీర్మానించారు. మంచిదే. దానికంటే ముందు నీళ్లు, లోపల గడియ ఉన్న మరుగుదొడ్లు కట్టిద్దాం. పైపులైను పని నాది. ఖర్చు కూడా నాదే.