పాత ఆసిలోస్కోపు: దోషనిర్ణయము, మరమ్మతు



కురుక్షేత్రమును చూడలేని ధృతరాష్ట్రునకు సంజయుడు కన్నులైనాడు. తీగలో పారు విద్యుత్తును చూడలేని మనుజునకు ఆసిలోస్కోపు అట్టి సంజయుడు. దీనికి మూలమైన గాజుగొట్టమును 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించెను. గొట్టము వెనుక వేడెక్కిన లోహమునుండి ఎలక్ట్రానులు సన్నని ధారగా వెడలి, తెరను తాకినచోట వెలుగు పుట్టించును. పరీక్షింపదలచిన విద్యుత్తు ఆ ధారను పైకిని క్రిందికిని నడపును. లోపలి స్వీపు విభాగము దానిని ఎడమనుండి కుడికి నడపును. అట్లు తెరపై తరంగము రూపుగట్టును.

నేడు డిజిటల్ యంత్రములు వచ్చినవి. అయినను ఆసిఫాబాదు పల్లెలలో రేడియో, ఇన్వర్టరు మరమ్మతు నేర్చుకొను బీదయువకునకు పాతయంత్రమొకటి బాగుపడుట బ్రతుకుదెరువు దొరకుటయే. కాని సంజయుడే పొరబడినచో వాని మాటలన్నియు పొరపాట్లే. పొలము కొలుచువాడు మొదట గొలుసును సరిచూచును. 33 అడుగుల గొలుసు అర అడుగు సాగినచో గుంట గుంట కాదు, మిగులునది తగవే. అట్లే ఇతర పరికరములను పరీక్షించుటకు ముందు ఆసిలోస్కోపునే పరీక్షింపవలెను.

తెర వెలుగనిచో గొట్టము చెడినదని నిరాశ చెందరాదు. ప్లగ్గు, ఫ్యూజు, వెలుగును తగ్గించి పెంచు మీట, గీతను జరుపు మీటలు ముందు చూడవలెను. గీత తెరకు వెలుపల దాగియుండవచ్చును. పిమ్మట విద్యుత్ సరఫరా భాగమును చూడవలెను. ఏండ్లు గడచినకొలది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండి సత్తువ కోల్పోవును. అప్పుడు నిలకడగా నుండవలసిన గీత అలవలె ఊగును. అడ్డగీత కనబడియు పైకి క్రిందికి కదలనిచో నిలువు ఆంప్లిఫయరునందును, నిలువుగీతయే మిగిలినచో స్వీపునందును దోషము వెదకవలెను. మీట త్రిప్పినపుడు గీత ఎగిరిపడినచో అది తరచుగా వానకాలపు చెమ్మయు దుమ్మును చేరిన స్విచ్చి దోషమే, శుభ్రపరచిన చాలును. చుక్క ఒక్కచోటనే నిలిచి మెరసినచో వెంటనే వెలుగు తగ్గింపవలెను, లేనిచో తెరపూత మాడును. సరఫరా వోల్టులు సరిపడకముందు లోపలి సరిదిద్దు మరలను ముట్టరాదు. ముట్టినచో ఒక దోషము పది దోషములగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణము. ఇందులో వేయి వోల్టులకు మించిన విద్యుత్తుండును. ప్లగ్గు తీసిన పిదపను కెపాసిటర్లలో అది నిలిచియుండును. అనుభవజ్ఞుడు ప్రక్కన లేక, ఆ నిలువను తగిన రెసిస్టరు ద్వారా దింపక, పెట్టె లోపల చేయి పెట్టరాదు.

1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసెను. యంత్రములు చేయువారి వెంట వానిని బాగుచేయువారును పెరుగవలెను. విడిభాగమునకు బదులు మరియొకటి దొరకవచ్చును. సర్క్యూటు పటము పోయినచో యంత్రము మూగదగును. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము భారత భాగవతముల సరసన అట్టి పటములకును, యంత్రములతో వచ్చిన పుస్తకములకును ఒక అర కేటాయించునుగాక! ఇండ్లలో అటకలపై పడియున్న అట్టి పుస్తకములను చదువరులు తెచ్చి యిచ్చినచో, ఈ అర నిండుటకు ఎంతోకాలము పట్టదు.