రేపు పన్ను తీయిస్తారంటే, ఈ రాత్రి ఫోన్‌లో ఏం చెప్పాలె?

(శుక్రవారం క్యాంపు మీటింగ్‌లో మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం.)



ఎప్పుడూ వీసా గురించి, జీతం గురించి, ఎండ గురించి మాట్లాడుకుంటం. ఈ రోజు పిల్లల పళ్ల గురించి మాట్లాడుతా. నవ్వకండి. మన రూముల్లో రాత్రి పూట ఫోన్‌లో వినబడే మాటల్లో ఇది ఒకటి. "బాబుకు దవడ వాచింది, రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు, డాక్టర్ పన్ను తీసెయ్యాలె అన్నడు, వీడేమో దవాఖాన అంటేనే గోడ పట్టుకుని ఏడుస్తుండు" అని ఇంటి నుంచి ఫోన్. ఇక్కడ మనం బంక్ మీద కూర్చుని ఏం చేస్తం? ఆమె మీద కోపం చేస్తం, లేకపోతే పిల్లవాడికి చాక్లెట్ ఆశ పెడతం. రెండూ పని చెయ్యవు. పని చేసేది ఒకటుంది, అది ఫోన్‌లోనే చెయ్యొచ్చు. అదే చెప్తా.

ముందు పన్ను సంగతి. పాలపళ్లు మొత్తం 20. ముందు పళ్లు ఆరేళ్లకు ఊడటం మొదలైతయి. వెనక దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలె. "పాలపన్నే కదా, ఎట్లాగూ ఊడేదే" అని వదిలేస్తే పుచ్చు లోపలికి పోయి చీము పడుతది, పిల్లవాడు తిండి మానేస్తడు. అందుకని మొదట డాక్టర్‌ను అడగమని చెప్పండి: "ఈ పన్ను నిలబెట్టొచ్చా, తీయాల్సిందేనా?" కొన్ని పళ్లు సిమెంట్ పెట్టి కాపాడొచ్చు. తీయక తప్పదంటే ఇంకో ప్రశ్న: "ఖాళీ మూసుకుపోకుండా ఏమైనా పెట్టాల్నా?" దవడ పన్ను ముందుగా పోతే పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతది, కింద నుంచి వచ్చే పన్నుకు దారి ఉండదు.

ఇంకొక మాట. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తది. చాలామంది అది కూడా పాలపన్నే అనుకుంటరు. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. అది పుచ్చితే వెంటనే చూపించాలె.

పై పన్ను పీకితే కంటి చూపు పోతదని మన ఊళ్లల్ల అంటరు. ఆ భయం పెట్టుకోవద్దు, పన్ను తీస్తే చూపు పోదు. వాపును పట్టించుకోకుండా ఉంటేనే ప్రమాదం. వాపు కంటి వైపు గానీ మెడ కిందికి గానీ పాకినా, జ్వరం వచ్చినా, మింగడం, నోరు తెరవడం కష్టమైనా, ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలె. రేపటి దాకా ఆగొద్దు.

ఇప్పుడు అసలు విషయం. మన సైట్ పద్ధతే గుర్తు చేసుకోండి. పొద్దున పని మొదలు కాకముందు టూల్‌బాక్స్ టాక్ ఎందుకు పెడతం? ఈ రోజు ఏం ఎత్తుతున్నం, ఎక్కడ ప్రమాదం, ఎవరు ఎక్కడ నిలబడాలె అని ముందే చెప్తం. తెలిసినవాడు బెదరడు. ఏమీ చెప్పకుండా క్రేన్ కింద నిలబెడితే ఎంత పెద్ద మొనగాడైనా వణుకుతడు. ఐదేళ్ల పిల్లవాడిని ఏమీ చెప్పకుండా "జాతరకు పోదాం పా" అని కుర్చీలో కూర్చోబెడితే వాడేమైతడు? ఆ రోజు పన్ను వస్తది గానీ, మళ్లీ పదేళ్ల దాకా దవాఖాన మెట్లు ఎక్కడు. అమ్మ మాట, నాన్న మాట కూడా నమ్మడు.

అందుకని మూడు మాటలు అనకండి. "అస్సలు నొప్పి ఉండదు" అనొద్దు. సూది చురుక్కుమన్న క్షణమే మన మాట అబద్ధమైతది. "ఏడిస్తే ఇంకో సూది ఏయిస్తా" అనొద్దు. "మగపిల్లవాడివి, సిగ్గు లేదా" అనొద్దు. భయం సిగ్గు పడాల్సింది కాదు. ఎత్తు మీద మొదటిసారి పని చేసిన రోజు మనందరికీ తెలుసు.

మరి ఏం చెప్పాలె? నిజమే చెప్పాలె, చిన్న మాటల్లో. ఇట్ల:

"చిన్నా, రేపు అమ్మ నిన్ను పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకపోతది. నిన్ను నిద్ర పోనిస్తలేదు కదా ఆ పిప్పి పన్ను, దాన్ని తీసేస్తరు. ముందు చిగురుకు మందు వేస్తరు, చీమ కుట్టినట్టు చురుక్కుమంటది. కొంచెం సేపటికి పెదవి లావైనట్టు, మొద్దుబారినట్టు అనిపిస్తది. తర్వాత డాక్టర్ గుంజుతుంటే నొక్కినట్టు ఉంటది. ఏడుపొస్తే ఏడువు, నోరు మాత్రం తెరిచి ఉంచు. ఆగమనాలంటే ఎడమ చెయ్యి లేపు. అంతా అయినాక ఎట్లుండెనో నువ్వే నాకు చెప్పాలె."

ఆ ఎడమ చెయ్యి సంగతి ముఖ్యం. మన దగ్గర క్రేన్‌కు రిగ్గర్ ఒక్కడే సిగ్నల్ ఇస్తడు గానీ, స్టాప్ సిగ్నల్ ఎవరు ఇచ్చినా ఆపరేటర్ ఆపాల్సిందే. పిల్లవాడికి కూడా ఆ స్టాప్ ఉండాలె. ఇది ముందే డాక్టర్‌కు చెప్పమని ఇంట్లో చెప్పండి. ఆపే అధికారం తన చేతిలో ఉందని తెలిస్తే పిల్లవాడికి సగం భయం తగ్గుతది. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టి తీయించొద్దు. మరీ భయపడే పిల్లలైతే చిన్నపిల్లల పళ్ల డాక్టర్ ఉన్న చోటికి తీసుకపోవచ్చు, మత్తు ఇచ్చి చేసే పద్ధతి కూడా ఉంది. మత్తు ఇస్తమంటే ఎప్పటి నుంచి ఏమీ తినొద్దో డాక్టర్ చెప్పినట్టే చెయ్యాలె. ఉత్త సూది మందుతోనైతే కొంచెం తినిపించి తీసుకపోవడం మంచిది.

టైమ్ చూసుకోండి. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఇండియా గంటన్నర ముందు, సౌదీ, ఖతర్, కువైట్‌లో ఉన్నవాళ్లకు రెండున్నర గంటలు ముందు. ఊళ్లో పొద్దున తొమ్మిదికి కుర్చీ ఎక్కితే దుబాయ్‌లో ఏడున్నర. మీరు సైట్‌లో ఉంటరు. ఆ టైమ్‌కు ఫోన్ చెయ్యకండి. పన్ను తీస్తుంటే ఫోన్ పట్టుకుని "చూపించు, చూపించు" అంటే ఆమె చెయ్యి పిల్లవాడిని వదిలేసి ఫోన్ పట్టుకుంటది. రాత్రి కలవకపోతే ఆ మాటలే వాయిస్ మెసేజ్ పెట్టండి. పిల్లవాడు పదిసార్లు వింటడు.

పిల్లవాడికి గుండెలో రంధ్రం, ఫిట్స్, ఆయాసం, దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం, ఏదైనా మందు పడకపోవడం ఉంటే, సూది వేయకముందే డాక్టర్‌కు చెప్పాలె. ఇంట్లో దారం కట్టి గుంజడం, ఊళ్లో ఎవరితోనో పటకారుతో పీకించడం వద్దే వద్దు.

తీసిన తర్వాత చెయ్యాల్సినవి, ఇవి ఇంటికి పంపండి:

డాక్టర్ పెట్టిన దూదిని దాదాపు అరగంట గట్టిగా కొరికి పట్టుకోవాలె. మాటిమాటికి ఉమ్మొద్దు, ఆ రోజు పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. అట్ల చేస్తే గడ్డ కట్టిన రక్తం ఊడి మళ్లీ కారుతది.

మొద్దుదనం రెండు, మూడు గంటలు ఉంటది. ఆ సేపు పిల్లవాడి మీద కన్ను వెయ్యాలె. తెలియక పెదవినీ బుగ్గనూ కొరుక్కుంటరు, సాయంత్రానికి పుండు అయితది.

మొద్దుదనం పోయినాక చల్లారిన పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ పెట్టొచ్చు. ఆ రోజు వేడివి, కారం వద్దు. తెల్లారి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లతో మెల్లగా పుక్కిలిస్తే చాలు.

నొప్పి మందు పిల్లవాడి బరువును బట్టి డాక్టర్ రాసినంతే వెయ్యాలె. ఆస్పిరిన్ పిల్లలకు వెయ్యొద్దు. రక్తం ఆగకపోయినా, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా మళ్లీ చూపించాలె.

ఖర్చు గురించి. ఏరియా ఆసుపత్రిలో పళ్ల డాక్టర్ ఉన్నారేమో మొదట అడగమనండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో సర్కారు పళ్ల కాలేజీ ఆసుపత్రులు ఉన్నయి. 2013 నుంచి కేంద్రం నడిపే ఆర్‌బీఎస్‌కే టీములు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను చూస్తరు, పిప్పి పళ్లు కూడా అందులో ఉన్నయి. బడిలో అడిగితే ఎప్పుడొస్తరో చెప్తరు.

చివరగా మన కార్టన్ సంగతి. సెలవు మీద పోయేటప్పుడు ఐదు కిలోల చాక్లెట్లు, పొడి జ్యూస్ డబ్బాలు కట్టుకపోతం. తీసుకపోవద్దని అనను, పిల్లలు ఎదురుచూస్తరు. అన్నం తిన్న వెంటనే ఇచ్చి, నీళ్లు తాగించండి. రోజంతా నోట్లో నానితేనే పళ్లు పాడైతయి. రాత్రి పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టొద్దు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్‌తో పొద్దున, పడుకునే ముందు పెద్దవాళ్లే తోమాలె. ఆ కార్టన్‌లో నాలుగు చిన్న బ్రష్‌లు కూడా పెట్టండి.

సాయంత్రం డ్యూటీ దిగినాక ఫోన్ చేసినప్పుడు "ఏడ్చినవా?" అని అడగొద్దు. "ఎట్లుండె, చెప్పు" అని అడిగి, వాడు చెప్పేదంతా వినండి. ఊడిన పన్ను చూపిస్తే చూడండి. తర్వాత ఫోన్ వాళ్లమ్మకు ఇయ్యమనండి. రెండు రాత్రులు నిద్ర లేకుండా, బస్సెక్కి, లైన్‌లో నిలబడి, ఏడ్చే పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆమె. ఆమెతో కూడా రెండు మంచి మాటలు మాట్లాడండి.

ఇది మీ ఇంటికి, పిల్లలున్న మీ దోస్తులకు పంపండి. సెలవు.