చెవిలోకి చూడకముందు అడగాల్సిన మాట



ఈ స్మారకోపన్యాసం మా గురువుగారి పేరు మీద జరుగుతోంది. తలకు అద్దం కట్టుకోకముందే రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, ఏం పని చేస్తావని అడగమనేవారు ఆయన. ఆ తర్వాతే చెవిలోకి చూడాలి. ఆ ప్రశ్నకు మూడు వందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అది ఇంకా ఓపీ చీటీ దాకా రాలేదన్నది నా బాధ. అందుకే ఇవాళ ఆ చరిత్ర చెప్పడానికి వచ్చాను.

1700లో ఇటలీలోని మోదెనాలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యాచార్యుడు వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద లాటిన్‌లో ఒక గ్రంథం అచ్చువేశాడు. హిప్పోక్రటీస్ నాటి నుంచి రోగిని అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు ‘నీ వృత్తి ఏమిటి’ అన్నది కూడా చేర్చాలని అందులో వాదించాడు. 1713 నాటి విస్తృత కూర్పులో రాగి పనివాళ్ల మీద ఒక అధ్యాయం చేర్చాడు. వెనిస్‌లో వాళ్లంతా ఒకే పేటలో ఉండేవారు. పొద్దస్తమానం సుత్తెతో రాగిని సాగగొట్టడం వల్ల మొదట వినికిడి మందగిస్తుందని, ముసలితనానికి పూర్తి చెవుడు వస్తుందని రాశాడు. అప్పటికి వినికిడిని కొలిచే యంత్రం ఏదీ లేదు. పని జరిగే చోటికి వెళ్లి, విని, అడిగి చేసిన రోగనిర్ధారణ అది.

ఆ అధ్యాయం తలచుకున్నప్పుడల్లా నాకు పెంబర్తి కళ్ల ముందు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు మీద, జనగామ పక్కనే ఉన్న ఊరు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అక్కడివాళ్లది. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, ఉలితో సుత్తెతో ఒక్కొక్క దెబ్బగా పువ్వును, హంసను, దేవుడి ముఖాన్ని పైకి తెస్తారు. గుడి తలుపుల తొడుగులు, కలశాలు, సభల్లో చేతికిచ్చే జ్ఞాపికలు అలా పుట్టేవే. కొనేవాళ్లం మెరుపును చూస్తాం. దాని వెనక పడిన దెబ్బలన్నీ ఒక జత చెవుల్లోంచి వెళ్లాయి.

అలాంటి పనిలో ముప్ఫై ఏళ్లు గడిపినవాడు చెవుడొచ్చిందని తనంతట తాను దవాఖానకు రాడు. ఇంట్లోవాళ్లు పట్టుకొస్తారు. “టీవీ సౌండు బగ్గ పెడ్తడు సారూ, పిలిస్తే పలకడు” అంటుంది భార్య. ఆయనేమో “ఇనవడ్తాంది గని సమజైతలేదు” అంటాడు. ఈ ఒక్క మాటతో సగం జబ్బు బయటపడుతుంది. ఏళ్ల తరబడి పెద్ద మోతలో ఉన్న చెవి మొదట కోల్పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి హెచ్చు స్థాయిని. అచ్చులు తక్కువ స్థాయిలో పలుకుతాయి, స, శ, త, క వంటి హల్లులకు ప్రాణం పై స్థాయిలో ఉంటుంది. గొంతు వినబడుతుంది, మాట విడిపడదు. ఒక్కో లోచెవిలో శబ్దాన్ని పట్టే సుమారు పదిహేను వేల రోమకణాలతో పుడతాం. మనిషిలో అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు.

దీన్ని చీము చెవి నుంచి వేరు చేయడానికి కొన్ని వందల రూపాయల ట్యూనింగ్ ఫోర్క్ చాలు. 512 హెర్ట్జ్ ఫోర్కును మోచేతి ఎముకకు కొట్టి, మోగుతుండగా దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తాం. మోత ఆగిందని రోగి చెయ్యెత్తగానే, మళ్లీ కొట్టకుండా, ఫోర్కు కొమ్ములను చెవి రంధ్రం ముందుకు తెస్తాం. అక్కడ ఇంకా వినిపిస్తోందంటే మధ్యచెవి దారి బాగానే ఉంది, లోపం ఉంటే లోచెవిలోనో నరంలోనో ఉండాలి. ఎముక మీదే బాగా వినిపించి చెవి ముందు వినిపించకపోతే, కర్ణభేరికి చిల్లు పడిందా, లోపల నీరు చేరిందా, గులిమి గడ్డ కట్టిందా అని వెతకాలి. నుదుటి మీద పెట్టి రెండు చెవులనూ పోల్చే పద్ధతి 1834లో వెబర్ చెప్పింది. ఇప్పుడు చెప్పిన పరీక్ష 1855లో రినే రాసింది.

అదే 1855లో మాన్యువెల్ గార్సియా చిన్న అద్దంతో, సూర్యకాంతి సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్న సంగతిని లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. ఆయన పాట నేర్పే మాస్టారు. పాడే గొంతు లోపల ఎలా కదులుతుందో చూడాలన్న తపన ఆయనకు వృత్తి వల్లే వచ్చింది. రెండు మూడేళ్లకు వియన్నా వైద్యులు ఆ అద్దాన్ని రోగుల గొంతుల్లో వాడటం మొదలుపెట్టారు. మన శాస్త్రానికి ఒక పాటగాడు చేసిన ఈ ఉపకారాన్ని విద్యార్థులకు తప్పకుండా చెబుతుంటాను.

చీము చెవికి వైద్యం ఉంది. 1950లలో జర్మనీలో వుల్‌స్టైన్, సోల్నర్ చిల్లుపడ్డ కర్ణభేరిని అతికే పద్ధతులను స్థిరపరిచాక, చెవిలో చీము జీవితాంతం భరించాల్సిన కర్మ కాకుండా పోయింది. చెవిలో కాగిన నూనె, ఆకు పసరు పోయకుండా పిల్లను త్వరగా తీసుకొస్తే ఎంతో మేలు జరుగుతుంది. సుత్తె మోతతో పోయిన వినికిడికి మాత్రం ఆపరేషన్ లేదు. వినికిడి యంత్రం కొంత ఆదుకుంటుంది, మిగతాదంతా ముందుజాగ్రత్తే. రెంటికీ ఒకే చుక్కల మందు రాసి పంపడమంటే రెండో మనిషికి ఏమీ చేయకపోవడమే. పని ఏమిటని అడిగి ఉంటే ఆ చీటీ వేరేలా ఉండేది.

భూపాలపల్లిలో మోత భూమి లోపల కూడా ఉంది. సింగరేణి గనుల్లో డ్రిల్లు, గాలి పంపే ఫ్యాన్లు, పైన ఓపెన్‌కాస్టులో డంపర్లు. చట్టం ప్రకారం గని కార్మికుడికి ఎప్పటికప్పుడు వైద్య పరీక్ష జరగాలి. చట్టం గుర్తించిన వృత్తి జబ్బుల జాబితాలో మోత వల్ల వచ్చే వినికిడి లోపం ఉంది. గని కార్మికుడికి కాగితం మీద రక్షణ ఉంది. కాంట్రాక్టు మీద ఊళ్లు మారే డ్రైవరు కుర్రాడి వెంట ఆ కాగితం వెళ్తోందా అని కనుక్కోవడం మన పని. పెంబర్తిలో ఇంటి వసారాలో కూర్చుని రేకు కొట్టే మనిషిని మాత్రం ఏ చట్టమూ ఫ్యాక్టరీ కార్మికుడిగా చూడదు. ఆయన వినికిడిని పరీక్షించాలని ఎవరికీ బాధ్యత లేదు. ఈ మాట చెప్పడానికే ఇంత చరిత్ర తవ్వాను.

మహబూబాబాద్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ ముక్కు ముందు పలుకుతుంది. మిర్చి కల్లాల్లో కాయలు ఏరే ఆడవాళ్లకు తుమ్ములు, ముక్కు కారడం, గొంతు మంట. అన్నింటినీ ఎలర్జీ అనడం తొందరపాటు. మిర్చి ఘాటు నరాల కొసల మీదున్న ఒక గ్రాహకాన్ని నేరుగా తట్టి లేపుతుంది. 1997లో దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ మంటకు మాత్ర కంటే మూతికి తడిగుడ్డ, గాలివాటు చూసి కూర్చోవడం ఎక్కువ పనిచేస్తాయి. సీజను దాటాక కూడా తగ్గకపోతే, ఒకే పక్క ముక్కు మూసుకుపోయినా రక్తం పడినా, తప్పక ఎండోస్కోపు పెట్టి చూడాలి.

ఇంకా ఏ పనీ చేయని పసిబిడ్డ విషయంలో ప్రశ్న మారుతుంది. మేనరికమా? కాన్పయ్యాక బిడ్డ వెంటనే ఏడ్చిందా? పళ్లెం కింద పడితే ఉలిక్కిపడుతోందా? పుట్టుచెవుడును మొదటి ఏడాదిలో పట్టుకుంటే మాట దక్కుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదింటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటును అందుబాటులోకి తెచ్చింది. లక్షల ఖరీదైన ఆ యంత్రానికి తోడు నెలల తరబడి మాట నేర్పించే ఓపిక కావాలి. థెరపీ కోసం వారం వారం నగరానికి తిరగలేక ఇల్లు చేరిన తల్లి కష్టాన్ని మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ జిల్లాలకు పెద్ద దవాఖాన అంటే చాలాకాలం వరంగల్ ఎంజీఎం, అదీ కాకపోతే కోఠీ ఈఎన్‌టీ. 1959లో వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ ఈ ప్రాంతమంతటికీ డాక్టర్లను ఇచ్చింది. 2016 అక్టోబరులో ఈ మూడూ జిల్లాలయ్యాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువుకున్నంత కాలం వారి ఆరోగ్యం చూడాలన్న నియమం ఉంది.

జనగామ కాలేజీ పెద్దలకు నాదొక విన్నపం. ఆ దత్తత ఊళ్లలో పెంబర్తిని చేర్చండి. ఇంటింటి రికార్డులో పేరు, వయసు పక్కనే పని, ఎన్నేళ్లుగా అన్న రెండు గడులు పెట్టించండి. సుత్తె పట్టిన ప్రతి మనిషికీ, పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న పిల్లవాడికీ ఒక్కసారి ఆడియోగ్రామ్ తీయించండి. పిల్లవాడి కాగితం జాగ్రత్త చేయండి, ఐదేళ్ల తర్వాత పోల్చి చూడటానికి అది కావాలి.