పడిగాపుల కోటు

ఒక పెద్దమనిషి స్మృతిలో కూడిన సభలో డిటెక్టివ్ నవలల గురించీ తుపాకీ సినిమాల గురించీ ఉపన్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ధైర్యమంటే ఏమిటో, మొండితనమంటే ఏమిటో జనం నేర్చుకునేది శాస్త్రగ్రంథాల నుంచి కాదు, ఇష్టపడి చదివిన, చూసిన కథల నుంచి. ఆ నేర్పడంలో పాత్ర నోట పలికించిన మాటకంటే ఒంటికి తొడిగిన బట్ట ఎక్కువ పని చేస్తుంది. మోకాళ్ల కిందికి దిగే పొడుగు కోటులో ఒక మనిషి తెరమీదికి రాగానే ‘వీడు గట్టివాడు’ అనుకుంటాం. ఆ గట్టితనం కొట్టే చేతిలో ఉందని సాధారణాభిప్రాయం. కాచుకుని నిలబడే కాళ్లలో ఉందని నా వాదన.

కోటు పుట్టుకే ఇందుకు మొదటి సాక్ష్యం. 1823లో చార్లెస్ మాకింటాష్ పేటెంటు పొందిన రబ్బరు గుడ్డ వానను ఆపింది గాని ఒంటికి గాలి ఆడనివ్వలేదు. 1879లో థామస్ బర్బెర్రీ, నూలును నేతకు ముందే నీరు పట్టకుండా తయారుచేసి, బిగువుగా నేయించి గాబర్డీన్ తెచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్లు ఇలాంటి గుడ్డతో కుట్టిన తేలికపాటి కోటును కందకాల్లో తొడుక్కున్నారు. ట్రెంచ్ కోటు అన్న పేరు అక్కడిదే. మామూలు సిపాయిల ఉన్ని గ్రేట్‌కోటు నీళ్లూ బురదా పీల్చుకుని భరించలేనంత బరువెక్కేది. కందకయుద్ధంలో పైకి దూకి దాడిచేసే గంటలు తక్కువ. నీళ్లు నిలిచిన గోతిలో, ఎప్పుడేం మీద పడుతుందో తెలియక గడిపే రోజులు ఎక్కువ. ట్రెంచ్ కోటు ఆ రోజుల కోసం తయారైంది.

ఇది ఆఫీసర్ల బట్ట కదా, ఇందులో ఓర్పుకంటే హోదా ఎక్కువ కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యుద్ధం ముగిశాక అది మామూలు మనుషుల ఒంటిమీదికి వచ్చింది. రేమండ్ చాండ్లర్ 1939లో ‘ది బిగ్ స్లీప్’ రాసేనాటికి, ఆ కోటు తొడుక్కునే డిటెక్టివ్ ఫిలిప్ మార్లో వెనుక సైన్యమూ లేదు, పెద్ద జీతమూ లేదు. ఆ నవలలో అతను కుండపోత వానలో కారులో కూర్చుని ఒక పుస్తకాల దుకాణం మీద గంటల తరబడి కన్నేసి ఉంచుతాడు. డిటెక్టివ్ పనిలో సింహభాగం ఇదే. హోదా రాలిపోయింది, పడిగాపులు మిగిలాయి.

సినిమాలు చూడండి. 1942 నాటి ‘కాసాబ్లాంకా’ అనగానే అందరికీ గుర్తొచ్చేది చివర మంచు కమ్మిన విమానాశ్రయం. కాని హంఫ్రీ బోగార్ట్ ఆ కోటు విలువను అంతకుముందే సంపాదించుకున్నాడు: పారిస్ రైల్వేస్టేషన్లో, వానలో, రాని మనిషి కోసం నిలబడి. సెర్జియో లియోనీ 1968 చిత్రం ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ మొదట్లో పొడుగు డస్టర్ కోట్లు తొడిగిన ముగ్గురు హంతకులు స్టేషన్లో రైలు కోసం కాచుకుంటారు. ఒకడి టోపీ మీద నీటిచుక్కలు పడుతుంటాయి, ఇంకొకడి ముఖం మీద ఈగ వాలుతుంది. ఎంతోసేపు ఇంతే. కాల్పులు మాత్రం క్షణాల్లో ముగుస్తాయి. వాళ్లను చూసి మనం భయపడేలా చేసింది ఆ ఎదురుచూపే. టెలివిజన్లో పీటర్ ఫాక్ నటించిన కొలంబో మరీ స్పష్టమైన ఉదాహరణ. నలిగిన వానకోటు, చేతిలో తుపాకీ లేదు. ఉన్నదల్లా మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తట్టే పట్టుదల.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం హాంకాంగ్‌ది. 1986లో జాన్ వూ తీసిన ‘ఎ బెటర్ టుమారో’లో చౌ యున్-ఫాట్ మార్క్ అనే పాత్ర వేశాడు. మిత్రుడికి జరిగిన ద్రోహానికి పగ తీర్చుకోవడానికి మార్క్ పొడుగు కోటుతో తైవాన్‌లోని ఒక భోజనశాలకు వెళతాడు. కోటు ఆయుధాలు దాచడానికే అనేవారు ఇక్కడ ఆగి చూడాలి: అతను పిస్తోళ్లను దాచింది కోటులో కాదు, నడవాలోని పూలకుండీల్లో. ఆ కాల్పుల్లోనే కాలికి తూటా దెబ్బ తగిలి కుంటివాడవుతాడు. తర్వాత మూడేళ్లు, ఒకప్పటి తన కిందివాడు యజమానిగా వెలుగుతుంటే, వాడి కార్లు తుడుస్తూ, విసిరేసిన డబ్బులు ఏరుకుంటూ, జైల్లో ఉన్న మిత్రుడు తిరిగొచ్చే రోజు కోసం బతుకుతాడు. సినిమాకు గుండెకాయ ఆ మూడేళ్లు. ఎండా ఉక్కా కలిసిన హాంకాంగ్‌లో కుర్రకారు చెమటలు కక్కుతూ పొడుగు కోట్లు తొడుక్కు తిరిగారంటే, కేవలం కాల్పుల ఆకర్షణే కారణమని నేననుకోను. అవమానాన్ని దిగమింగి మాట నిలబెట్టుకున్నవాడు వాళ్లకు నచ్చాడు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. 1999 మార్చి 31న అమెరికాలో విడుదలైన ‘ది మేట్రిక్స్’లో కథానాయకుడు కోటు తెరవగానే లోపలంతా తుపాకులే. అక్కడ కోటు ఆయుధాగారం. సరిగ్గా ఇరవై రోజులకు కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు పన్నెండు మంది తోటి పిల్లలనూ ఒక ఉపాధ్యాయుడినీ చంపారు. వాళ్లు పొడుగు కోట్లతో వచ్చారు. ‘ట్రెంచ్ కోట్ మాఫియా’ అనే ముఠావాళ్లని మొదట వార్తలొచ్చాయి. ఆ బృందానికి వాళ్లు నిజంగా చెందినవారు కారని తర్వాత తేలింది. అయినా పలు పాఠశాలలు పొడుగు కోట్లను నిషేధించాయి. సినిమాకూ హత్యలకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు, అలా పెట్టడం అన్యాయం కూడా. చనిపోయిన పిల్లల పేరు మీద తేలిక తీర్పులు ఇవ్వకూడదు. కథల సంగతి మాత్రం చెప్పగలను. వాన లేని చోట, ఎదురుచూపు లేని పాత్రకు కోటు తొడిగితే, మిగిలేది బెదిరింపే. ఆ బెదిరింపును అనుకరించడం ఎవరికైనా సులువు. ఓర్పును అనుకరించలేరు. కనుక ‘ది మేట్రిక్స్’ నా వాదనను కొట్టివేయదు, ఆ గుర్తు ఎక్కడ దారి తప్పిందో చూపిస్తుంది.

ఇదంతా చలిదేశాల గొడవ అనుకోనక్కరలేదు. తెలంగాణలో గొర్లకాపరి భుజాన ఉండే గొంగడి కూడా ఎండకూ వానకూ చలికీ ఒకటిగా పనికొచ్చే కాపలామనిషి బట్టే. గాయకుడు గద్దర్ దాన్ని కప్పుకుని వేదికెక్కినప్పుడు జనం అందులో చూసింది బెదిరింపును కాదు, కష్టానికి ఓర్చిన మనిషిని. మన డిటెక్టివ్ నవలలూ గూఢచారి సినిమాలూ బయటి నుంచి కోటును తెచ్చుకున్నాయి. దాంతోపాటు రావలసిన వానను చాలాసార్లు అక్కడే వదిలేశాయి.

ఇప్పుడు క్రైమ్ కథలు రాస్తున్న యువ రచయితలకూ, సినిమా తీస్తున్నవారికీ నా మనవి ఒక్కటే. మీ నాయకుడికి కోటు తొడిగే ముందు అతను ఎవరి కోసం, ఎంతకాలం, ఏ వానలో నిలబడ్డాడో రాయండి. ఆ పుటలు లేకపోతే కోటు తీసేయండి.