ప్రాణాలు దక్కాయి, మరి బతుకులో?

తుఫానుల్లో అసువులు బాసినవారిని తలచుకుంటున్న ఈ సభలో నేను ఒక్క మాట మీదే నిలబడి మాట్లాడతాను. తుఫాను నుంచి మనుషుల్ని కాపాడుకోవడం మనం చాలావరకు నేర్చుకున్నాం. ఆ మనుషుల బతుకుతెరువును కాపాడుకోవడం ఇంకా నేర్చుకోలేదు. శ్రీకాకుళం జిల్లాలోని మన పలాస లాంటి పట్టణం విపత్తుకు తట్టుకుంటుందా లేదా అన్నది మున్సిపాలిటీ పొలిమేర లోపల తేలే సంగతి కాదు. అది చుట్టూ ఉన్న ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో, బీల అనే పల్లపు భూముల్లో, కరెంటు లైన్ల కింద తేలుతుంది.

ముందు నేర్చుకున్నదేమిటో చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పది వేలకు పైగా మనుషులు పోయారు. హెచ్చరిక అందనివారు కొందరు, అందినా వెళ్లడానికి చోటు లేనివారు కొందరు. తుఫాను షెల్టర్ల మీద పట్టుదల పెరిగింది ఆ తర్వాతే. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుఫాను ఊడ్చేసింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2011లో ప్రపంచ బ్యాంకు సాయంతో తీరప్రాంత తుఫాను ముప్పు తగ్గించే జాతీయ పథకం మొదలైతే, తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్, ఒడిశాలకు చోటు దక్కింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి లక్షల మందిని ముందే తరలించారు. 2018లో తిత్లీ నేరుగా మన మీదికే వచ్చినా ఆంధ్ర వైపు మృతులు పదిలోపే. ప్రతి ప్రాణమూ విలువైనదే, కానీ నలభై ఏళ్లలో వేల నుంచి పదిలోపుకు రావడం చిన్న విజయం కాదు.

అయితే ఆ విజయమే మన కళ్లు కప్పుతోంది. మృతుల లెక్క తగ్గగానే గండం గడిచిందనుకుంటున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, విసురు వచ్చినప్పుడు 165 దాకా వీచిన గాలి ఏం చేసిందో ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస తోటల్లో చూడాలి. గుబురు కొమ్మలున్న జీడిచెట్లు వేళ్లతో సహా పెకలిపోయాయి. కొబ్బరి చెట్లు కొన్ని మొదలంటా కూలాయి, కొన్ని నడిమికి విరిగాయి, కొన్ని నిలబడే ఉన్నా మొవ్వు మెలితిరిగింది. మొవ్వు చచ్చిన కొబ్బరికి మళ్లీ చిగురు రాదు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు కావాలి. ఇల్లు కూలితే ఏడాదిలో లేపుకోవచ్చు. తోట కూలితే పిల్ల చదువూ, పెళ్లీ, పాత అప్పూ అన్నీ ఆ ఆరేడేళ్ల ఎదురుచూపులోనే వచ్చి పడతాయి.

ఆ తోటను పట్టణంతో కలిపేది జీడిపిక్క. బస్తాల్లో పలాస, కాశీబుగ్గ చేరిన పిక్కను ఉడికించి, కొట్టి, పొట్టు తీసి, గుళ్లు, బద్దలు వేరుచేస్తారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. తొక్కలోని జీడి అంటి వాళ్ల చేతులు పొక్కుతాయి, నల్లబడతాయి. ఆఫ్రికా పిక్క కూడా దిగుమతి అవుతోంది కదా, తోట పోతే పట్టణం ఎందుకు ఆగుతుంది అని అడగవచ్చు. మిల్లు ఆగకపోవచ్చు. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, బంగారం కొట్టు మాత్రం ఉద్దానం రైతు చేతిలో ఆడే డబ్బు మీద నడుస్తాయి. దిగుమతి పిక్క మిల్లుకు పని ఇస్తుందేమో గానీ ఆ రైతు చేతికి డబ్బు ఇవ్వదు.

ఇక కరెంటు, నీళ్ల సంగతి. తిత్లీకి వేల స్తంభాలు నేలకొరిగాయి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఆగుతుంది. ఎక్కడైనా అది ఇబ్బందే. కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానంలో అది ఆరోగ్య ప్రమాదం. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఇక్కడికి తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. మంచి పనులే. అయినా దూరం నుంచి పంపుల మీద వచ్చే నీరు, డయాలసిస్ యంత్రం, రెండూ కరెంటు మీదే ఆధారపడ్డాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. చిన్న పట్టణానికి అంత ఖర్చు ఎక్కడిదంటారా? పట్టణమంతా వేయమని నేను అనడం లేదు. ఆసుపత్రికి, పంపుహౌసులకు వెళ్లే లైన్లను ముందు భూమిలోకి దించి, జనరేటర్లు సిద్ధంగా ఉంచితే చాలు.

నీటి దారి మరో ప్రశ్న. మహేంద్రగిరి కొండల మీద కురిసిన వాన సముద్రం చేరే లోపు పల్లపు నేలల్లో నిలిచి, మెల్లగా దిగాలి. సోంపేట బీల, కాకరాపల్లి తంపర ఆ పనే చేస్తాయి. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలను వ్యతిరేకించినవారి మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. వాళ్లు పోరాడింది తమ పొలం, చేపల వేట కోసమే కావచ్చు. వాళ్లు నిలబెట్టింది మాత్రం ఈ ప్రాంతపు వరద నీటి దారిని కూడా. టెక్కలి వైపు మూలపేట రేవు వస్తోంది, దాని వెంట రోడ్లు, గోదాములు వస్తాయి. అభివృద్ధి వద్దంటున్నానని అనుకోవద్దు. ఏ పల్లాన్ని పూడ్చినా ఆ నీరు ఎవరి ఇంట్లోకి పోతుందో ముందే లెక్కగట్టి, ఆ తర్వాతే అనుమతివ్వాలంటున్నాను.

తిత్లీ తర్వాత పరిహారం ఇచ్చారు కదా అన్నది చివరి అభ్యంతరం. ఇచ్చారు. కొబ్బరి చెట్టుకు మొదట 1500, తర్వాత 3000 రూపాయలుగా నిర్ణయించారు. అయితే చెట్టు లెక్కన ఇచ్చే పరిహారం చెట్టు యజమానికే చేరుతుంది. చెట్టు మీద బతికే కౌలుదారుకూ, దింపు కార్మికుడికీ, పిక్క కొట్టే మనిషికీ ఆ లెక్కలో చోటు లేదు. అందుకే రేపటి తుఫాను తర్వాత అధికారులు రాసే నివేదికలో మృతుల సంఖ్య పక్కనే మరో మూడు అంకెలు ఉండాలి: కరెంటు, నీళ్లు ఎన్ని రోజులకు వచ్చాయి, కూలికి పని ఎన్ని వారాలకు దొరికింది, తోట ఎన్నేళ్లకు కాపుకొచ్చింది. ఆ అంకెలు తగ్గిన రోజే పలాస తుఫానును తట్టుకుంటోందని చెప్పగలం. ఆ లెక్కను ఏటా అడగడం ఈ సభ చేయగల పని.