పౌరుషగ్రంథి: దారితప్పిన ఉత్తరువు



ఉద్యోగవిరమణకు చేరువైన పురుషుడు రాత్రి నాలుగుమార్లు మూత్రమునకు లేచినను, వయోధర్మమని సరిపెట్టుకొనును. ఇంటిలో చెప్పుటకు సిగ్గుపడును. పెక్కుమందిలో అది పౌరుషగ్రంథి, అనగా ప్రోస్టేటు, వయస్సుతో పెరుగుటయే. కాన్సరైనచో తొలుత ఏ బాధయు ఉండకపోవచ్చును. రాయపూరులో 1963 నాటి వైద్యకళాశాల గలదు, 2012లో వెలసిన ఎయిమ్స్ గలదు. అయినను నోరు విప్పనివానికి వైద్యుడేమి చేయగలడు?

ఈ గ్రంథికి పోషకము టెస్టోస్టిరోను అను పురుష హార్మోను. వృషణములను తొలగించినచో, వ్యాపించిన కాన్సరు సైతము తగ్గుముఖము పట్టునని 1941లో షికాగో వైద్యుడు చార్లెస్ హగ్గిన్సు చూపెను. 1966లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. మఱి ఈ హార్మోను పురుషులందఱిలోను ఉండగా వ్యాధి కొందఱికే ఏల?

కణములలో పెరుగుదలను అదుపుచేయు జన్యువులు గలవు. పదవ క్రోమోసోముపైనుండు పీటెన్ అట్టిది, 1997లో గుర్తింపబడినది. అది నశించినచో, పెరుగుమను సంకేతమునకు అడ్డుండదు.

ఇంతకంటె విచిత్రమైన సంగతి 2005లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున అరుళ్ చిన్నయ్యన్ బృందము కనుగొన్నది. ఇరువదియొకటవ క్రోమోసోముపై రెండు జన్యువుల నడుమ సుమారు 30 లక్షల అక్షరముల ఎడము గలదు. మొదటిది హార్మోను ఆజ్ఞకు లోబడినది. రెండవది, ఈఆర్‌జీ, లోబడనిది. పలుమార్లు నడిమి భాగము ఊడిపోయి, ఈఆర్‌జీ మొదటిదాని మీటకు అతుకుకొనును. కచేరీలలో నడిమి కాగితములు జారి, ఒక శాఖకు వ్రాసిన ఉత్తరువు మఱియొక శాఖపై అమలగుట ఎఱుగనివారిచ్చట ఉండరు! హార్మోను పూర్వమువలెనే ఆజ్ఞ యిచ్చును, పెరుగునది కాన్సరు. పాశ్చాత్య రోగులలో సుమారు సగముమందిలో ఈ అతుకు కానవచ్చును.

హార్మోనును అణచు చికిత్స తొలుత బాగుగా పనిచేసి, పిదప పలువురిలో విఫలమగుటకు ఒక కారణము 2011లో తేలినది. పీటెన్ లేని కణమున హార్మోను మార్గము, పెరుగుదల మార్గము ఒకదానినొకటి అణచుచుండును; ఒకటి మూసినచో రెండవది విజృంభించును. కావున వ్యాధి తిరుగబెట్టినచో అది రోగి పథ్యము తప్పుటవలన కాదు. ఇంటివారు అతనిని నిందింపరాదు.

కొన్ని జన్యులోపములు వంశపారంపర్యముగ వచ్చును. బీఆర్‌సీఏ-2 అట్టిది, అది తల్లివైపునుండియు రావచ్చును. వైద్యునికడకు పోవునపుడు తండ్రికి, అన్నదమ్ములకు వచ్చిన వ్యాధినే గాక, తల్లికిగాని పినతల్లికిగాని వచ్చిన రొమ్ము కాన్సరును, మేనమామ వ్యాధిని సైతము చెప్పవలెను.